బండి మీద పలకరింపు: బెంగళూరు రోడ్లపై ఎవరిని, ఎప్పుడు, ఏ చేత్తో

రోడ్డు మీద మరో బండిమనిషిని పలకరించాలనుకున్నప్పుడు ముందు చూసుకోవలసింది మన చేతులు. ఏ చేయి ఖాళీగా ఉంది, ఎంతసేపు ఖాళీగా ఉంటుంది అన్నది తేలితే, తల ఊపాలా, వేళ్లు చూపాలా, నోరు తెరిచి మాట్లాడాలా అన్నది దానంతట అదే తేలుతుంది.

అనంతపురంలోనో నరసరావుపేటలోనో జగిత్యాలలోనో బండి నేర్చుకుని, ఉద్యోగానికి బెంగళూరు వచ్చినవారికి ఈ లెక్క కొత్త. ఊళ్లో ఎదురయ్యేవారిలో సగం మంది తెలిసినవాళ్లే. రెండుసార్లు హారన్ కొట్టి, చేయి ఎత్తి, "ఎటు బాబాయ్?" అని ఆగకుండానే అడిగి పోవచ్చు. మారతహళ్లి వంతెన దగ్గర అదే పని చేస్తే హారన్ ఎవరిదో తెలియదు, చాపిన చేయి కుడివైపు తిరగబోతున్నట్టు కనిపిస్తుంది, "ఎటు" అన్న మాట హెల్మెట్‌లోనే ఉండిపోతుంది. అలాగని ఈ నగరంలో బండివాళ్ల మధ్య పలకరింపులు లేవనుకోవద్దు. చాలానే ఉన్నాయి. చిన్నవి కావడంతో కొత్తవారి కంటికి ఆనవు.

మొదటి మెట్టు: మీ బండిలో ఏ చేతికి ఏ పని ఉందో చూసుకోండి

ఇది చదవడం ఆపి ఒకసారి బండి దగ్గరికి వెళ్లి నిలబడ్డా తప్పు లేదు. ఏ బండిలోనైనా కుడి చేతికి యాక్సిలరేటర్, ముందు బ్రేకు ఉంటాయి. బండి కదులుతున్నంతసేపు ఆ చేయి పలకరింపుకు పనికిరాదు. యాక్సిలరేటర్ వదిలితే బండి వేగం తగ్గుతుంది, మీ వెనక వచ్చేవారికి అది ఎందుకో తెలియదు. ఇక మిగిలింది ఎడమ చేయి. ఇక్కడే మోటార్‌సైకిల్‌కూ స్కూటర్‌కూ తేడా వస్తుంది, చాలామంది గమనించనిదీ ఇదే.

మోటార్‌సైకిల్‌లో ఎడమ చేతి కింద ఉండేది క్లచ్ ఒక్కటే. వెనక బ్రేకు కుడి పాదం కింద ఉంటుంది. టాప్ గేరులో నిలకడగా పోతున్నప్పుడు ఎడమ చేయి ఒక్క క్షణం వదిలినా రెండు బ్రేకులూ మీ అదుపులోనే ఉంటాయి. గేర్లు లేని స్కూటర్‌లో ఎడమ చేతి కింద ఉండేది వెనక బ్రేకు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ, అంతకంటే చిన్న కొత్త బండ్లకు రెండు బ్రేకులనూ కలిపే అమరికైనా ఉండాలన్న నిబంధన వచ్చింది. అందువల్ల చాలా స్కూటర్లలో ఎడమ లివర్ నొక్కితే వెనక బ్రేకుతో పాటు ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. అంటే స్కూటర్ నడిపేవారు ఎడమ చేయి గాల్లోకి లేపారంటే ప్రధానమైన బ్రేకును వదిలేసినట్టే. పైగా స్కూటర్ చక్రాలు చిన్నవి. ఒంటి చేత్తో పట్టుకుంటే హ్యాండిల్ వణుకుతుంది. విద్యుత్ స్కూటర్లలోనూ బ్రేకుల వరస ఇదే.

ఇప్పటికీ పాత చేతక్, ఎల్‌ఎంఎల్ గేర్ల స్కూటర్లను పదిలంగా చూసుకునేవారు జయనగర్, మల్లేశ్వరం వీధుల్లో కనిపిస్తారు. ఆ బండ్ల సంగతి వేరు. వాటిలో ఎడమ పిడిని తిప్పితేనే గేరు మారుతుంది, క్లచ్ కూడా అక్కడే, వెనక బ్రేకు కుడి పాదం కింద. వాళ్ల ఎడమ చేతికి ఊళ్లో క్షణం తీరిక ఉండదు. చేతక్ మీద వచ్చే పెద్దాయన మీకు చేయి ఊపలేదంటే అది గర్వం కాదు, రెండో గేరు.

మోటార్‌సైకిల్ వాళ్లు చేయి ఊపితే స్కూటర్ వాళ్లు జవాబివ్వరని, వాళ్లకు మర్యాద తెలియదని ఒక మాట తరచూ వినిపిస్తుంటుంది. బ్రేకు ఎక్కడుందో తెలియని మాట అది.

రెండో మెట్టు: తల వంచడం సాధన చేయండి

స్కూటరైనా మోటార్‌సైకిలైనా అన్ని వేళలా పనికొచ్చే పలకరింపు తల ఊపు. మనలాగే ఎడమవైపు నడిపే బ్రిటన్‌లోనూ బండివాళ్ల అలవాటు ఎక్కువగా ఇదే. కారణం సులభం: ఎదురొచ్చే మనిషి మన కుడివైపు ఉంటాడు, మన కుడి చేయేమో యాక్సిలరేటర్ మీద ఉంటుంది. అమెరికాలో కుడివైపు నడుపుతారు కాబట్టి ఎదుటివాడు ఎడమవైపు పడతాడు. వాళ్లు ఎడమ చేతిని కిందికి చాచి రెండు వేళ్లు చూపిస్తారు. 1904లో, హార్లీ-డేవిడ్‌సన్ మోటార్‌సైకిళ్ల కంపెనీ పెట్టిన విలియం హార్లీ, ఆర్థర్ డేవిడ్‌సన్ దారిలో ఎదురుపడి చేయి ఊపుకోవడంతో ఆ ఆచారం మొదలైందని చెప్పుకుంటారు. కథగా వినడానికి బాగుంటుంది. ఫ్రాన్స్‌లో దారి ఇచ్చినవారిని దాటి ముందుకు వెళ్లాక కుడి కాలు పక్కకు చాపి ధన్యవాదం చెబుతారు. బెంగళూరులో కాలు చాపితే పక్కనున్న ఆటోకు తగులుతుంది. అది ఫ్రాన్స్‌కే వదిలేద్దాం.

తల ఊపడంలో ఒక మెలకువ ఉంది. గడ్డం పైకి ఎగరేస్తే మన దగ్గర అది "ఏమిటి సంగతి?" అని నిలదీయడం. కాలేజీ కుర్రాళ్లు స్నేహితులతో అలా అనుకుంటారు. ముక్కూ ముఖం తెలియని మనిషికి గడ్డం ఎగరేస్తే, అతని మనసు బాగాలేని రోజైతే, తర్వాతి సిగ్నల్ దగ్గర మీ పక్కకొచ్చి ఆగుతాడు. కాబట్టి తల పైకి కాదు, కిందికే. గడ్డం ఒక అంగుళం దిగాలి, మళ్లీ లేవాలి. అంతకంటే ఎక్కువ వంచితే రోడ్డు కనపడదు. ఫుల్ హెల్మెట్‌లో ఆ అంగుళమే బయటికి బాగా కనిపిస్తుంది, ఎందుకంటే హెల్మెట్ మొత్తం కదులుతుంది. నవ్వు మాత్రం కనపడదు. కళ్లు కనపడాలంటే ముదురు రంగు అద్దం వాడకూడదు. రాత్రిపూట అది ఎలాగూ పనికిరాదు.

ఎంత దూరంలో ఊపాలి? ఇద్దరూ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తుంటే మధ్యనున్న దూరం సెకనుకు 22 మీటర్ల చొప్పున కరుగుతుంది. 50 మీటర్ల దూరం నుంచి చూస్తే రెండు సెకన్ల పైచిలుకు సమయం ఉంటుంది. గుర్తుపట్టడానికి ఒక సెకను, తల ఊపడానికి అర సెకను పోతే, జవాబు చూసుకోవడానికి మిగిలేది ఇంకొంచెమే. హైవే మీద ఇద్దరూ 80తో వస్తుంటే అది ఇందులో సగం. జవాబు కోసం వెనక్కి తిరిగి చూడవద్దు. ఇచ్చి ఉంటారనుకుని ముందుకు వెళ్లండి.

మూడో మెట్టు: ఎడమ చేయి, అదీ కిందికి

మోటార్‌సైకిల్ మీద ఉన్నారు, రోడ్డు తిన్నగా ఉంది, ముందున్న బండి దూరంగా ఉంది, టాప్ గేరులో ఉన్నారు. ఈ నాలుగూ కుదిరితే ఎడమ చేయి వాడవచ్చు. మోచేయి కదలకుండా చేతిని తొడ పక్కకు దించి, రెండు వేళ్లు చాపి, వెంటనే హ్యాండిల్ మీదికి తెచ్చుకోండి. భుజం కంటే పైకి ఎత్తవద్దు. మన దగ్గర డ్రైవింగ్ పరీక్షకు చదివే చేతి సంకేతాలన్నీ కుడి చేతివి. కుడి చేయి అడ్డంగా చాపితే కుడికి తిరుగుతున్నట్టు, పైకి నిలబెడితే ఆగుతున్నట్టు, అరచేయి కిందికి పెట్టి పైకీ కిందికీ ఆడిస్తే వేగం తగ్గిస్తున్నట్టు. మీరు ఆప్యాయంగా కుడి చేయి చాపితే వెనకనున్న ట్యాక్సీవాడు మీరు మలుపు తిరుగుతున్నారనుకుని ఎడమవైపు నుంచి దూసుకొస్తాడు.

ఎడమ చేత్తో పలకరించడం తప్పు కాదా అని ఇంట్లో పెద్దవాళ్లు అడగవచ్చు. ఎడమ చేత్తో ఏదైనా ఇవ్వడం, నమస్కరించడం మన ఇళ్లలో అమర్యాదే. బండి మీద మాత్రం దాన్ని ఎవరూ పట్టించుకోరు. మీకు మనసొప్పకపోతే, లేదా ఎదురైనది మామగారైతే, తల వంచితే చాలు. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టాక కుడి చేయి గుండెల మీద పెట్టుకోవచ్చు. రెండు చేతులూ జోడించే నమస్కారం ఇంజను ఆపిన తర్వాతే.

ఇంకో సంగతి. ఎదుటి మనిషి కుడి చేయి ఎత్తి నుదుటికీ గుండెకూ తాకించుకుంటే పొంగిపోయి జవాబివ్వకండి. మీ వెనక గుడి ఉంది. ఈ ఊళ్లో మలుపు మలుపుకూ గణపతి గుడి ఉంటుంది, నడుస్తున్న బండి మీద నుంచే దండం పెట్టుకునేవారూ అంతే మంది ఉంటారు.

నాలుగో మెట్టు: హారన్, హెడ్‌లైటు పక్కన పెట్టండి

హారన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఆసుపత్రి, బడి, న్యాయస్థానం చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. అలా ప్రకటించిన చోట హారన్ కొట్టడం నేరం. మిగతా చోట్ల కూడా అవసరం లేకుండా కొడితే జరిమానా పడవచ్చు. అదలా ఉంచినా, పది బండ్లు ఒకేసారి కొడుతుంటే మీ స్నేహపు హారన్‌ను ఎవరు విడదీసి వింటారు?

హెడ్‌లైటు సంగతి కొంచెం చెప్పుకోవాలి. కొన్ని దేశాల్లో ఎదుటి బండి లైటు కొట్టిందంటే "మీరు వెళ్లండి" అని. మన దగ్గర దానికి అర్థం తలకిందులు: "నేను వస్తున్నాను, నువ్వు ఆగు." పలకరిద్దామని పాస్ స్విచ్ నొక్కితే ఎదుటివాడు బెదిరి బ్రేకు వేస్తాడు, లేదా పంతానికి వేగం పెంచుతాడు. రెండూ మీకు అక్కర్లేనివే.

లైటు చుట్టూ అల్లుకున్న పాత అలవాటు ఒకటి ఇంకా బతికే ఉంది. పట్టపగలు లైటు వెలుగుతూ ఎవరైనా ఎదురైతే, ఛాతీ ఎత్తున వేళ్లన్నీ ఒక్కచోటికి ముడిచి, విప్పి, మళ్లీ ముడిచి చూపించేవారు. బ్యాటరీ దిగిపోతుందని, బల్బు మాడిపోతుందని పరాయివాళ్ల బండి గురించి పడిన బెంగ అది. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు ఇంజనుతో పాటే లైటు వెలిగేలా మార్చారు, ఆర్పే స్విచ్ తీసేశారు. అయినా హొసకోటె దాటి కోలారు వైపు పాత రోడ్డు పట్టుకుని వెళ్లండి, టీ కొట్టు ముందు కూర్చున్న పెద్దమనిషి కొత్త బండిని చూసి ఇప్పటికీ వేళ్లు ముడిచి విప్పుతాడు. ఆయనకు నిబంధన వివరించడానికి ఆగకండి. తల వంచి వెళ్లిపోండి.

అయిదో మెట్టు: సిగ్నల్ దగ్గర నోరు విప్పండి

కదులుతున్న బండి మీద పలకరింపు సైగ. ఆగిన బండి మీద పలకరింపు మాట. సిల్క్ బోర్డు, టిన్ ఫ్యాక్టరీ, హెబ్బాళ దగ్గర ఆగి ఉండే సమయం తక్కువేమీ కాదు. పక్కనున్న మనిషి ముఖం చూడకుండా ఫోను తీయడం కంటే రెండు మాటలు మాట్లాడటం మేలు. ముందు మీ ఇంజను ఆపండి. అది ఆడుతుంటే అటు మాట ఇటు వినపడదు. హెల్మెట్ తీయవద్దు, అద్దం ఎత్తితే చాలు.

మొదలుపెట్టే మాట ఈ దేశంలో ఎప్పుడో స్థిరపడిపోయింది: "ఎంత ఇస్తుంది?" లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అర్థం. ఈ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు, ఎవరూ జవాబు దాచరు. విద్యుత్ స్కూటర్ అయితే "ఒక్కసారి ఛార్జింగ్ పెడితే ఎంత వస్తుంది?" అని అడుగుతారు. కంపెనీ చెప్పిన అంకె కాకుండా మీకు నిజంగా వచ్చేదే చెప్పండి. అడిగిన మనిషి కొనాలనుకుంటున్నాడేమో. "ఎంత పడింది?" అన్నది రెండో ప్రశ్న. అది మాత్రం అవతలివారు కొంచెం కలిశాకే అడగాలి. పాత బండి కనిపిస్తే ఈ వరస మార్చి, "ఏ సంవత్సరానిది?" అని అడగండి. యమహా ఆర్‌ఎక్స్ 100 యజమానిని మైలేజీ అడగడమంటే పట్టుచీర కట్టుకున్నావిడను మీటరు ధర అడిగినట్టు ఉంటుంది. ఆ బండి 1985 నుంచి 1996 వరకే తయారైంది. ఇన్నేళ్లూ దాన్ని కాపాడుకున్న మనిషికి సంవత్సరం చెప్పడమే సంతోషం.

ఏ భాషలో? కన్నడలో మొదలుపెట్టండి. "నమస్కార" అనడానికి వ్యాకరణం అక్కర్లేదు. మగవారిని "అణ్ణా" అనో "సార్" అనో, ఆడవారిని "మేడమ్" అనో పిలవండి. "గురూ" అన్న పిలుపు ఇక్కడి కుర్రాళ్ల మధ్య చనువుకు గుర్తు. మీకంటే పెద్దవారిని అలా పిలవకూడదు. అవతలివారు తెలుగువాళ్లని తేలితే అప్పుడు అన్నా, తమ్ముడూ, అక్కా, అమ్మా, పెద్దాయనా అన్న మన వరసలు ఎలాగూ ఉన్నాయి. "నువ్వు" మాత్రం ఎవరితోనూ వద్దు, కుర్రవాడైనా సరే.

తెలుగువాళ్లని ఎలా పోల్చుకోవాలి అంటే, ఒకప్పుడు నంబరు ప్లేటు చెప్పేది. ఏపీ 02 అంటే అనంతపురం, ఏపీ 03 చిత్తూరు, ఏపీ 04 కడప, ఏపీ 26 నెల్లూరు. "కడపలో ఎక్కడ?" అని నేరుగా అడిగేయవచ్చు. 2019లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ కలిపి ఏపీ 39 పెట్టాక ఆ ముచ్చట తీరింది. ఇప్పుడు "ఏ జిల్లా?" అని అడగాల్సిందే. తెలంగాణ బండ్ల మీద 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది, పాతవి టీఎస్‌గానే తిరుగుతున్నాయి. కేఏ ప్లేటు ఉంటే కన్నడిగులే అనుకోవడం కూడా తొందరపాటు. కేఏ 07 కోలారుది, కేఏ 40 చిక్కబళ్లాపురానిది. ఆ వైపు ఊళ్లలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లతో "మీరు ఆంధ్రా నుంచా?" అంటే నవ్వుతారు. వాళ్లు ఎక్కడి నుంచీ రాలేదు.

ఆకుపచ్చ లైటు పడ్డాక మాట మధ్యలో ఉన్నా ఆపేయాలి. "వస్తాను" అన్న ఒక్క మాటతో బండి తీయండి. కథ పూర్తి చేయడానికి పక్కపక్కనే నడుపుతూ వెళ్లడం అందరికీ ప్రమాదం.

ఆరో మెట్టు: స్టాండు, చున్నీ, ఇండికేటర్

ఈ నగరంలో బండివాళ్లు ఒకరికొకరు చేసుకునే అసలైన పలకరింపు హెచ్చరిక. నన్నడిగితే పై అయిదు మెట్లూ రాకపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం వచ్చి తీరాలి.

సైడ్ స్టాండు దించి ఉన్న బండి ఎడమ మలుపులో వంగినప్పుడు స్టాండు కొస నేలకు తగిలి చక్రం లేస్తుంది. స్టాండు దించి ఉంటే ఇంజను ఆగిపోయే ఏర్పాటు చాలా కొత్త బండ్లలో ఉంది, పాతవాటిలో లేదు. అందుకే చూసినవాళ్లు ఊరుకోరు. "స్టాండ్, స్టాండ్" అంటారు. కన్నడం, తెలుగు, తమిళం, హిందీ, ఏ భాషలోనైనా మాట అదే కావడం మన అదృష్టం. చెప్పే పద్ధతి ఇది: వెనక నుంచి అరవవద్దు, ఉలిక్కిపడతారు. పక్కకు, కుడివైపు, ఒక బండి ఎడం ఉంచి రండి. వాళ్ల చూపు మీ మీద పడ్డాక మీ ఎడమ పాదాన్ని ఒకసారి కిందికి చాపి లోపలికి మడవండి. అదే స్టాండు సైగ. మాట వినపడకపోయినా పాదం కనపడుతుంది. చెయ్యి ఎత్తే అవసరం లేదు కాబట్టి స్కూటర్ మీద నుంచి కూడా ఇది చేయవచ్చు. కాలు నేలకు తగలకుండా చూసుకోండి. వాళ్లు మడమతో స్టాండు పైకి తన్ని తల ఊపుతారు. దానితో వ్యవహారం ముగిసింది. ముందుకు వెళ్లిపోండి.

చున్నీ, చీర కొంగు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఏర్పాటు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. మోటార్‌సైకిల్ పక్కన కనిపించే చీర కంచె అదే. అందం చెడుతుందని దాన్ని విప్పించి తిరిగేవాళ్లు చాలామంది. అలాంటి బండి మీద వెనక కూర్చున్నావిడ కొంగు గొలుసు దగ్గర ఆడుతుంటే నడిపే మనిషికి తెలియదు, ఆవిడకూ తెలియదు. అప్పుడు చెప్పవలసింది ముందు ఆవిడకే, ఎందుకంటే లాక్కోగలిగేది ఆవిడే. "అమ్మా, కొంగు" అని రెండు మాటలు. మీ సొంత భుజాన్ని ఒకసారి తట్టి కిందికి చూపితే ఇంకా తొందరగా అర్థమవుతుంది. తర్వాత నడిపేవారికి, "నిదానంగా పక్కకు ఆపండి." ఉన్నట్టుండి బ్రేకు వేయించే కంగారు మన గొంతులో ఉండకూడదు.

స్కూటర్ మీద ఒంటరిగా వెళ్తున్న అమ్మాయికి చెప్పేటప్పుడు మగవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఒకసారి చెప్పండి, వినపడేలా చెప్పండి, వెంటనే ఆమెను దాటి ముందుకు వెళ్లిపోండి. ఆమె సర్దుకుందో లేదో చూడటానికి వెనకే నడపడం, పక్కనే ఉండి మళ్లీ సైగ చేయడం సాయం అనిపించుకోవు, వెంటపడటం అనిపించుకుంటాయి. ధన్యవాదం కోసం వేగం తగ్గించడమూ అంతే. సాయం చేసినవారు అద్దంలో చిన్నదవుతూ కనిపించాలి.

ఇండికేటర్ వెలుగుతూ మరిచిపోయినవాళ్లు లెక్కలేనంతమంది. మలుపు తిరిగాక కారులోలాగా దానంతట అది ఆరిపోయే ఏర్పాటు మన బండ్లలో చాలావాటికి లేదు. దీనికి సైగ, పాత లైటు సైగే: వేళ్లు ముడిచి విప్పడం. ఏ వైపు ఇండికేటరో ఆ వైపుకు కొద్దిగా చూపు వేస్తే సరిపోతుంది. మోటార్‌సైకిల్ మీద మాత్రమే ఈ సైగ. స్కూటర్ అయితే సిగ్నల్ దాకా ఆగి నోటితోనే చెప్పండి.

గాలి తగ్గిన టైరు, వేలాడుతున్న సంచి పట్టీ, తెరిచి ఉన్న పెట్రోలు మూత, ముందు నిలబెట్టిన పిల్లవాడి జారిపోతున్న చెప్పు, ఇవన్నీ ఇదే పద్ధతి: పక్కకు రావడం, కళ్లు కలిశాక చూపించడం, వెళ్లిపోవడం.

హెల్మెట్ పెట్టుకోనివారికి చెప్పాలా? అది వారికి తెలియక కాదు. కర్ణాటకలో 2016 నుంచి వెనక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసినదాన్ని రోడ్డు మీద చెబితే జగడం వస్తుంది. హెల్మెట్ పట్టీ బిగించకుండా వేలాడుతుంటే మాత్రం చెప్పండి, అది నిజంగానే మరిచిపోయి ఉంటారు. సిగ్నల్ దగ్గర మీ గడ్డం కింద ఒకసారి తట్టుకుంటే చాలు.

ఏడో మెట్టు: వాన, డెలివరీ కుర్రాళ్లు

సాయంత్రం వాన మొదలైతే బండ్లన్నీ ఫ్లైఓవర్ కిందికి చేరతాయి. అక్కడ పలకరింపంటే జరగడం. మీ బండిని ఇంకో అడుగు లోపలికి తోసి, తడుస్తున్న మనిషికి చోటివ్వండి. మాటలు ఆ తర్వాత వాటంతట అవే వస్తాయి. అయితే రోడ్డు వరసలోనే ఆపి నిలబడవద్దు. వానలో వెనక వచ్చే బండికి మీరు కనపడరు.

ఆ చూరు కింద సగం మంది డెలివరీ సంచులవాళ్లే ఉంటారు. వాళ్లలో వాళ్లకు పలకరింపు చొక్కా రంగుతో సంబంధం లేకుండా నడుస్తుంది. ఒకరి ఫోను తడిస్తే ఇంకొకరు కవరు ఇస్తారు, గేటు దగ్గర కాపలాదారు ఏ దారిన పంపుతాడో చెప్పుకుంటారు. వాళ్లతో మాట్లాడాలనుకుంటే ఆర్డర్ గురించి కాకుండా దారి గురించి అడగండి. ఎక్కడ నీళ్లు నిలిచాయో ట్రాఫిక్ యాప్ కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఆదివారం హైవే

బళ్లారి రోడ్డు పట్టుకుని దేవనహళ్లి మీదుగా నంది కొండకు వెళ్లే బండ్లు ఆదివారం తెల్లవారకముందే కదులుతాయి. అక్కడ ఎదురొచ్చేవారిని పలకరించే ప్రయత్నం వద్దు. మధ్యలో డివైడరు, అవతలి మనిషి ఎక్కడో. ఆ రోడ్డు మీద పలకరింపు ఎదురుపడినప్పుడు కాదు, దాటేటప్పుడు. మీరు కుడివైపు నుంచి దాటుతారు కాబట్టి దాటేయబడిన మనిషి మీ ఎడమవైపు ఉంటాడు. మోటార్‌సైకిల్ మీదుంటే ఎడమ చేయి కిందికి దించి చూపే సైగ అతనికి చక్కగా కనిపిస్తుంది. పూర్తిగా దాటి, మళ్లీ వరసలోకి వచ్చాకే అది చేయండి. కొండ మలుపుల్లో మాత్రం ఏ సైగా వద్దు, తల ఊపు కూడా వద్దు. ఎదురొచ్చేవారి చూపు మలుపు మీదే ఉండాలి. మైసూరు వైపు వెళ్లేవారికి, కొత్త ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన రహదారి మీదికి 2023 ఆగస్టు 1 నుంచి రెండు చక్రాల బండ్లను రానివ్వడం లేదు. సర్వీసు రోడ్డు మీద ఎటునుంచి ఏది వస్తుందో తెలియదు, అక్కడ చేతులు హ్యాండిల్ మీదే ఉండనివ్వండి.

బృందంగా వెళ్లేవారి సైగలను పలకరింపులనుకుని జవాబిచ్చేవాళ్లు ఉంటారు. ముందు వెళ్లే మనిషి ఎడమ చేతి ఒక వేలు పైకెత్తితే అందరూ ఒకే వరసలోకి రావాలని, రెండు వేళ్లయితే ఎడం ఎడంగా రెండు వరసలని. పిడికిలి ఎత్తితే ఆగమని, పెట్రోలు ట్యాంకు మీద తడితే బంకు చూడమని. గుంత వస్తే అటువైపు కాలు చాపి చూపిస్తారు. ఇవి మీ కోసం కాదు. ఇరవై బండ్లు వరసగా మిమ్మల్ని దాటుతుంటే ఇరవైసార్లు తల ఊపనక్కర్లేదు. మొదటి బండికి ఒకసారి, అందరికంటే వెనక వచ్చే చివరి బండికి ఒకసారి. ఆ చివరి మనిషే బృందమంతటినీ కాచుకుంటూ వస్తుంటాడు, అతన్ని పలకరించేవాళ్లు తక్కువ.

జావా, యెజ్డీ మోటార్‌సైకిళ్ల వాళ్ల సంగతి చెప్పకుండా బెంగళూరులో ఈ విషయం పూర్తి కాదు. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961లో మొదలై 1996లో మూతపడింది. ఈ ప్రాంతపు పాత ఇళ్లలో ఆ బండ్లు ఇంకా ఉన్నాయి. జులై రెండో ఆదివారం అంతర్జాతీయ జావా దినం. ఆ రోజు నగరంలో ఇవి గుంపుగా కనిపిస్తాయి. ఆ బండికి కిక్ రాడ్డు, గేరు రాడ్డు ఒకటే, అదీ ఎడమవైపే: పైకి తిప్పి కొడితే స్టార్ట్ అవుతుంది, తిరిగి మామూలు చోటికి తెస్తే గేరు. ఆ విద్య చూపించమని అడగడం కంటే వాళ్లకు నచ్చే పలకరింపు లేదు. చూశాక "నేను ఒకసారి కొట్టవచ్చా?" అని అడగకండి. ఇవ్వాలనిపిస్తే వాళ్లే ఇస్తారు.

జవాబు విషయం

పెద్ద బండి మీద వెళ్లేవాళ్లు చిన్న బండివాళ్లను పలకరించరన్న ఫిర్యాదులో కొంత నిజం ఉంది. పెద్ద ఇంజను కొన్నవారిలో కొందరికి మెడ బిగుసుకుపోతుంది. వాళ్లను బాగుచేయడం మన పని కాదు. పలకరింపు ఎవరు ముందు మొదలుపెట్టాలన్న నియమమేదీ లేదు కాబట్టి స్కూటర్ మీదున్న మీరే ముందు తల వంచండి. జవాబొస్తే సరే. రాకపోతే ఆ మనిషి గేరు మారుస్తున్నాడో, అద్దం మీద దుమ్ము ఉందో, చెవిలో మేనేజర్ మాట్లాడుతున్నాడో అనుకోండి.

మీకు ఎవరైనా స్టాండు గురించో చున్నీ గురించో చెబితే మాత్రం జవాబు తప్పనిసరి. స్టాండు తన్నేటప్పుడు చూపు కిందికి పోతుంది కాబట్టి ముందు తల ఊపి, తర్వాత తన్నండి. చెప్పిన మనిషి అప్పటికి ముందుకు వెళ్లిపోయి ఉంటే, ఆయన అద్దంలో కనపడేలా ఒకసారి గడ్డం దించండి.